మేనేజరు పారిపోయిన కిటికీ

ఆ ఇంట్లోంచి బయటికి వెళ్ళడమంటే మాటలు కాదు. ముందు "వెళ్తున్నా" అని కేకెయ్యాలి. వంటగదిలోంచి ఇల్లాలు "ఆగు, పట్టుకోనీ" అనాలి. పిల్లిని వెతికి, పట్టుకుని, చంకలో ఇరికించుకున్నాక "ఊఁ, ఇక వెళ్ళు" అనాలి. అప్పుడు లోపలి తలుపు తీసి, నడవలో అడుగుపెట్టి, ఆ తలుపు మూసి, గొళ్ళెం పడిందో లేదో ఒకసారి లాగి చూసి, ఆ తరవాత వీధి తలుపు తీయాలి. బ్యాంకు ఖజానాకి కూడా ఇంత కాపలా ఉండదు. పాలు పోసే మనిషి ఉండబట్టలేక, "లోపల ఏం దాచారమ్మా?" అని అడగనే అడిగాడు. దాచింది బంగారమూ కాదు, వజ్రాలూ కాదు. బూడిదరంగు చారల పిల్లి. దాని పేరు మేనేజరు.

ఈ ఏర్పాటంతా చేసినవాడు ఇంటి యజమాని. కిటికీలకు దోమల జాలీలు బిగించడం అతని పని. పేటలో అందరూ జాలీ మేస్త్రి అంటారు. పేరుకే జాలీ గాని, మనిషి మొహంలో నవ్వు కలికానికి కూడా దొరకదు. అలాగని చెడ్డవాడేం కాదు. మాటలు తక్కువ, పని ఎక్కువ. సైకిలు వెనక జాలీ చుట్టలు కట్టుకుని, హ్యాండిలుకి రంపం, సుత్తి ఉన్న సంచీ తగిలించుకుని పొద్దున్నే బయల్దేరితే, ఏ ఇంట్లో పనుంటే ఆ ఇంట్లో దిగడం, కొలత తీయడం, బిగించడం, చెయ్యి కడుక్కుని రావడం. "మేస్త్రిగారూ, కాస్త టీ తాగండి" అంటే తాగుతాడు. "ఎలా ఉన్నారు?" అంటే మాత్రం, "ఆ కిటికీ చెక్క చెదలు పట్టింది, చూసుకోండి" అంటాడు. అదీ వరస.

మీసాలు రాకముందే మేనమామ వెంట ఈ పనిలో దిగాడు. ఆ మామ నేర్పిన సూత్రం ఒక్కటే. "వచ్చేది ఎప్పుడూ బయటినుంచేరా" అనేవాడు. చట్రానికి బయటి వైపు గాడి ఉంటుంది. జాలీని దానిమీద పరిచి, రబ్బరు తాడుని చిన్న చక్రంతో గాడిలోకి తొక్కుకుంటూ పోవాలి. దోమొచ్చినా, దుమ్మొచ్చినా, గాలివాన వచ్చినా బయటినుంచే వస్తుంది కాబట్టి, అది తోసినకొద్దీ జాలీ చట్రానికి ఇంకా అతుక్కుంటుంది. మేస్త్రి బిగించిన జాలీ ఊడిందన్న మాట ఆ ఊళ్ళో ఎవరూ వినలేదు. ఆ సంగతి అతనికీ తెలుసు. పైకి అనడు గాని, లోపల కాస్త గీర ఉంది.

ఇక మేనేజరు సంగతి. అది నిజానికి వాళ్ళ పిల్లి కాదు, వాళ్ళమ్మాయిది.

అమ్మాయి ఒక్కతే కూతురు. ఊరికి ఆ చివర, రైలు గేటు అవతల ఉన్న పెద్దాసుపత్రి లాండ్రీలో పని. దుప్పట్లు, తెరలు, డాక్టర్ల తెల్లకోట్లు ఉతికి, ఆరేసి, వేడి రోలర్ల మధ్య నుంచి ఇస్త్రీ చేసి పంపాలి. తెల్లవారకముందే డ్యూటీ ఎక్కాల్సిన రోజులుండేవి. ఇంటినుంచి వెళ్ళాలంటే బస్సు ఉండదు. అందుకని ఆసుపత్రి వెనక సందులో మేడమీద ఒక గది తీసుకుని ఉండేది. వారానికోసారి ఇంటికొచ్చి, అమ్మ చేత తలకి నూనె పెట్టించుకుని, నాన్నని నవ్వించడానికి నానా తంటాలు పడి వెళ్ళేది. ఆ పిల్లి ఎక్కడినుంచో ఆ గది కిటికీలోకి వచ్చి కూర్చుందట. "ఏ పనీ చెయ్యదు నాన్నా. అందరూ చాకిరీ చేస్తుంటే కళ్ళు సగం మూసుకుని చూస్తూ కూర్చుంటుంది. మా మేనేజరు అచ్చం ఇంతే" అని ఆ పేరు పెట్టింది. ఆ మాటకి మేస్త్రి నవ్వాడు కూడా. వాళ్ళావిడ ఆ నవ్వుని నెలల తరబడి చెప్పుకుంది.

ఆ తరవాత అమ్మాయికి జ్వరం వచ్చింది. మామూలు జ్వరమేలే అని మాత్రలు మింగి పనికి వెళ్ళింది. పక్కనే ఆసుపత్రి ఉంది కదా, ఏమైనా అయితే చూసుకోవచ్చులే అనుకుంది. ఏమైనా అయ్యేసరికి చూసుకోవడానికి టైము లేకపోయింది. తను ఉతికి మడత పెట్టిన దుప్పట్లలో ఒకదాని మీదే పడుకోబెట్టారు. మేస్త్రి సైకిలు తొక్కుకుంటూ వెళ్ళేసరికి ఇంకో దుప్పటి మొహం మీదిదాకా లాగి ఉంది.

గది ఖాళీ చేయడానికి ఇద్దరూ వెళ్ళారు. సామాను ఎంతని? పరుపు, కిరోసిన్ స్టవ్వు, నాలుగు జతల బట్టలు, అద్దం. అన్నీ కిందికి దింపాక చూస్తే కిటికీ గట్టు మీద పిల్లి కూర్చుని ఉంది, అలవాటు ప్రకారం, చాకిరీ చేసేవాళ్ళని చూస్తూ. వాళ్ళావిడ దాన్ని కూరగాయల సంచీలో వేసుకుని, పైన ముడేసి, గుండెకి హత్తుకుని బస్సెక్కింది. ఇంటిదాకా అది అరుస్తూనే ఉంది. బస్సులో వాళ్ళు తిరిగి తిరిగి చూశారు. ఆవిడ ఎవరివైపూ చూడలేదు.

ఇంటికొచ్చాక ఆవిడ మంచమెక్కింది. జబ్బేం లేదు. లేవడం మానేసింది, అంతే. మేస్త్రి అన్నం వండి పళ్ళెంలో పెట్టి పక్కన పెడితే, సాయంత్రానికి అన్నం ఎండిపోయి ఉండేది. కింది వాటా పెద్దమ్మ వచ్చి, "పోయినవాళ్ళతో మనం పోలేం కదే తల్లీ" అని వీపు నిమిరింది. ఆవిడ గోడవైపు తిరిగి పడుకుంది. ఒకరు ఎలాగూ పోయారు, ఈ ఉన్న ఒక్కరూ కళ్ళముందే కరిగిపోతుంటే చూడటమెలా? కిటికీ అయితే కొలత తీసుకుంటాడు. మనిషికి ఎక్కడ కొలత తీయాలో అతనికి తెలియదు.

మంచం మీదినుంచి ఆవిణ్ణి లేపింది పిల్లి. ఒక పొద్దున్న ఆకలేసి మంచం చుట్టూ తిరిగి అరిచింది. మేస్త్రి పాలు పోస్తే మూతి కూడా పెట్టలేదు. ఎక్కి ఆవిడ ఛాతీ మీద కూర్చుని మొహంలో మొహం పెట్టి అరిచింది. "అమ్మాయి పెట్టినట్టు పెట్టాలి దానికి. గోరువెచ్చగా, కొంచెం అన్నం కలిపి. నీకేం తెలుసు?" అని ఆవిడ లేచింది. వంటగదిలోకి నడిచింది. పొయ్యి వెలిగించింది. మేస్త్రి తలుపు చాటున నిలబడి చూశాడు. ఆ రోజు పనికి వెళ్ళినా చేతికి పని తెలియలేదు. ఆవిడ లేచిందన్న ఒక్క మాటే రోజంతా లోపల తిరిగింది.

అప్పటినుంచి అదే లెక్క. పిల్లికి పెట్టాలి కాబట్టి ఆవిడ లేస్తుంది. పాలు కాచింది కాబట్టి పనిలోపని టీ పెడుతుంది. టీ పెట్టింది కాబట్టి తనూ రెండు గుక్కలు తాగుతుంది. ఇల్లంతా ఆ నాలుగు కాళ్ళ మీద నిలబడింది. పిల్లి పోయిందా, ఆవిడ మళ్ళీ మంచమెక్కుతుంది. ఈసారి ఎక్కితే దిగదు. మేస్త్రికి అందులో అణుమాత్రం అనుమానం లేదు.

ఆ పిల్లికేమో ఇంట్లో ఉండాలని లేదు. మొదటి రోజునుంచీ దాని చూపు తలుపు మీదే. తలుపు సందు చిటికెన వేలంత తెరుచుకుంటే చాలు, బాణంలా దూసుకొచ్చేది. రెండుసార్లు మెట్లదాకా వెళ్ళింది. ఒకసారి కింది వాటా పెద్దమ్మ బకెట్టు అడ్డం పెట్టి ఆపింది. ఇంకోసారి మేస్త్రి తోక పట్టుకుని ఆపితే, ముంజేతి మీద నాలుగు గీతలు గీసి తన సంతకం పెట్టింది.

పిల్లిని పెంచనివాడికి ఉన్నన్ని సలహాలు పెంచేవాడికి ఉండవు. ఒకరు తలుపు దగ్గర నీళ్ళు చిమ్మమన్నారు. చిమ్మితే, ఆవిడ మూడు రోజులు మేస్త్రితో మాట్లాడలేదు. ఒకరు నిమ్మతొక్కలు పెట్టమన్నారు. మేనేజరు వాటిని వాసన చూసి, పక్కకి తోసి, యథాస్థానంలో కూర్చుంది. తిండి గిన్నె తలుపుకి దూరంగా ఇంటి ఆ చివర పెట్టమన్నారు, అది మాత్రం కొంత పనిచేసింది. బయటికి వెళ్ళేముందు తాడుముక్క ఆడించి అలసిపోయేలా చెయ్యమన్నారు. ఆ మనిషి, మనిషితోనే ఆడని మనిషి, రోజూ పొద్దున్న సైకిలు తాళం జేబులో వేసుకుని, నేలమీద గొంతుక్కూర్చుని, పిల్లి ముందు తాడు ఈడుస్తుంటే చూడాలి. పిల్లి కళ్ళు సగం మూసి చూసేది. అలసిపోయేది మేస్త్రి.

చివరికి తన పనితనాన్నే నమ్ముకున్నాడు. నడవకి అడ్డంగా ఇంకో తలుపు చేశాడు, ఒకటి మూస్తేగాని ఇంకోటి తీయకూడదన్న షరతు పెట్టాడు. స్నానాలగది వెంటిలేటరుకి జాలీ. అటక కన్నానికి జాలీ. వంటగది కిటికీ తెరిచే ఉంటుంది కాబట్టి దానికి ఉన్న పాత నైలాను జాలీ పీకేసి స్టీలు జాలీ బిగించాడు, ఊళ్ళోకెల్లా మంచిది, అచ్చం మామ నేర్పినట్టు. బిగించాక బయట నిచ్చెన మీద నిలబడి రెండు చేతులతో బలంకొద్దీ తోసి చూశాడు. చెక్కుచెదరలేదు. "ఇక దోమ కాదు, దాని తాత కూడా..." అని ఏదో అనబోయి ఆగిపోయాడు. లోపల మూలనుంచి పిల్లి చూస్తోంది.

సాయంత్రాలే అతనికి కష్టంగా ఉండేవి. ఎండ తగ్గేవేళకి మేనేజరు వెళ్ళి లోపలి తలుపు ముందు కూర్చునేది. అరిచేది కాదు. తోక కాళ్ళచుట్టూ చుట్టుకుని, చెవులు నిక్కబొడుచుకుని, తలుపుకేసి చూస్తూ కూర్చునేది. మొదట్లో ఆవిడ దూరంనుంచి చూసింది. తరవాత పక్కన పీట వేసుకుని తనూ కూర్చోవడం మొదలుపెట్టింది.

"అమ్మాయి డ్యూటీ దిగి వచ్చే టైము ఇది" అంది ఒకరోజు. "దానికి తెలుసు."

మేస్త్రి సైకిలు చైనుకి నూనె వేస్తున్నాడు. వెయ్యడం ఆపలేదు.

"ఊరంతా మరిచిపోయింది. లాండ్రీలో ఇంకొకర్ని పెట్టేసుకున్నారు. నువ్వు జాలీలు బిగించుకుంటున్నావు. అమ్మాయి కోసం చూసేది ఈ ఇంట్లో నేనూ ఇదీ. నోరు లేదు గాని, ఇది బయటికి పోవాలని చూసేది ఎందుకనుకున్నావు? వెతకడానికి."

"వెతకడానికి పోతే బండి కింద పడుతుంది."

"అందుకేగా పోనివ్వొద్దనేది" అంది ఆవిడ, పిల్లి వీపు నిమురుతూ. "ఇక్కడే చూద్దాంలేవే. ఇద్దరం ఇక్కడే కూర్చుని చూద్దాం."

అలా తలుపు ముందు ఇద్దరూ పక్కపక్కన కూర్చుని ఉండటం చూస్తే మేస్త్రి మళ్ళీ చైను మీదికి వంగేవాడు. ఇది మంచిది కాదని అతనికి తెలుసు. రాని మనిషి కోసం రోజూ తలుపు దగ్గర కూర్చోవడం ఏ విధంగా మంచిది? కాని ఆపమంటే? పీట తీసేస్తే మంచమే మిగులుతుంది. కూర్చునైనా ఉంది, చాలనుకున్నాడు. అదీగాక, చెప్పకూడదు గాని, ఆ సమయానికి మెట్ల మీద ఎవరి అడుగులైనా వినిపిస్తే అతని చెయ్యి కూడా చైను మీద ఆగేది.

వేసవి ముదిరింది. ఒక మధ్యాహ్నం మేస్త్రి పనినుంచి ముందే వచ్చాడు. "వచ్చా" అని కేకేశాడు. "ఆగు, పట్టుకోనీ" అన్న జవాబు రాలేదు. రెండు తలుపులూ దాటి లోపలికి వెళ్తే, వంటగదిలో ఆవిడ నిలబడి ఉంది. చేతిలో పాలగిన్నె. కిటికీ స్టీలు జాలీ కింది అంచు గాడిలోంచి ఊడి, నాలుకలా బయటికి వేలాడుతోంది. రబ్బరు తాడు మూరెడు బయటికొచ్చి గాలికి ఊగుతోంది. కింద సన్‌షేడ్ మీద, పక్కింటి గోడ మీద ఎక్కడా ఏమీ లేదు.

"తలతో తోసింది" అంది ఆవిడ. "నేను చూస్తూనే ఉన్నాను. మూలలో తల పెట్టి తోసింది, తోసింది, టప్పున ఊడింది. నీ జాలీ ఊడదంటారు కదయ్యా."

మేస్త్రి దగ్గరికి వెళ్ళి గాడిలో వేలు పెట్టి చూశాడు. చూడనవసరం లేదు, అప్పటికే అర్థమైంది. బయటినుంచి తోస్తే చట్రానికి బిగిసే జాలీ, లోపలినుంచి తోస్తే చట్రాన్ని వదిలేస్తుంది. గాడి లోపలి వైపు తియ్యాలి. తాడు లోపలినుంచి తొక్కాలి. నిచ్చెన వేసుకుని బయటినుంచి తోసి చూసి మురిసిపోయాడే గాని, ఇంట్లో నిలబడి ఒక్కసారి తోసి చూడలేదు. చూడాలని కూడా తోచలేదు. జీవితమంతా రానివ్వకుండా ఆపడమే నేర్చుకున్నాడు. పోనివ్వకుండా ఆపడం ఎవరూ నేర్పలేదు, అతనికి రాదు.

"నా బుద్ధి గడ్డి తింది" అన్నాడు.

ఆవిడ పాలగిన్నె గట్టు మీద పెట్టింది. చెప్పులు వేసుకుంది. అమ్మాయి గది ఖాళీ చేసి వచ్చాక ఆవిడ గడప దాటడం అదే మొదలు. తల కూడా దువ్వుకోకుండా, "మేనేజరూ, మేనేజరూ" అని పిలుచుకుంటూ వీధి పొడుగునా వెళ్ళింది. కొత్తవాళ్ళు ఎవరో ఆఫీసరు తప్పిపోయాడనుకున్నారు. మేస్త్రి ఇంకోవైపు, గిన్నె మీద చెంచాతో కొట్టుకుంటూ వెళ్ళాడు. డాబాల మీద, బళ్ళ కింద, చెత్తకుండీల వెనక, మురుగుకాలవ గట్టున వెతికారు. ఊరినిండా పిల్లులే. ఇది తప్ప అన్నీ కనిపించాయి.

రెండో రోజూ వెతికారు, మూడో రోజూ వెతికారు. తరవాత ఆవిడ చెప్పులు విప్పేసి మంచం మీద పడుకుంది. గోడవైపు తిరిగింది. మేస్త్రి వంటగది కిటికీ చట్రం ఊడదీసి, గాడి లోపలి వైపు తీసి, జాలీ మళ్ళీ బిగించి, ఈసారి లోపల నిలబడి తోసి చూశాడు. ఊడలేదు. చేతులు దులుపుకుని మంచం దగ్గరికి వెళ్ళి, "బాగుచేశానే" అన్నాడు. ఆవిడ ఇటు తిరగలేదు. దొంగలు పడ్డ ఆరునెలలకి కుక్కలు మొరిగాయన్నట్టుంది తన వరస అని అతనికే అనిపించి, అక్కణ్ణించి వచ్చేశాడు.

పొద్దున్న పాలు తనే కాచాడు. గోరువెచ్చగా ఉన్నాయో లేదో వేలు పెట్టి చూసి, ఎవరికోసం చూస్తున్నాడో గుర్తొచ్చి, గిన్నె దింపేశాడు. ఆవిడ అన్నం మళ్ళీ పళ్ళెంలోనే ఎండిపోవడం మొదలైంది.

అలా రోజులు గడుస్తుండగా లాండ్రీలో అమ్మాయితో కలిసి పనిచేసిన పొట్టిపిల్ల వచ్చింది. చేతిలో సంచీ కూడా దించకుండా, "బాబాయ్, మేనేజరు మీ దగ్గర లేదా?" అంది. "నిన్న డ్యూటీకి పోతూ చూశా. అక్క గది కిటికీలో కూర్చునుంది. అచ్చం అదే. పిలిస్తే చూసింది, మళ్ళీ మొహం తిప్పుకుంది. దాని పొగరు నాకు తెలీదా!"

మంచం కిర్రుమంది. ఆవిడ లేచి కూర్చుంది.

"చూశావా?" అంది మేస్త్రితో. కళ్ళలో ఎన్నాళ్ళకో వెలుగు. "ఇంట్లో దొరక్కపోతే అక్కడికెళ్ళింది. రైలు గేటు దాటి, ఆ రోడ్డు దాటి, ఎక్కడికెళ్తే దొరుకుతుందో అక్కడికే వెళ్ళింది. ఈపాటికి ఆ తలుపు దగ్గర కూర్చుని చూస్తుంటుంది పిచ్చిముండ. పద, తెచ్చుకుందాం."

అదే కూరగాయల సంచీ తీసింది. తల దువ్వుకుంది. బస్సులో కిటికీ పక్కన కూర్చుని దారంతా ఆ పిల్లి గురించే చెప్పింది. ఏ రోడ్డు ఎలా దాటి ఉంటుందో, గేటు దగ్గర రైలు చప్పుడుకి ఎంత బెదిరి ఉంటుందో చెప్పింది. మేస్త్రి ఊఁ కొట్టాడు. ఆవిడ అంత మాట్లాడి ఎన్నాళ్ళైందో. దేవుడా, ఆ పిల్లి అక్కడే ఉండేలా చూడు, నాకింకేమీ వద్దు అనుకున్నాడు లోపల.

ఆసుపత్రి వెనక సందులో ఆ మేడమెట్లు మారలేదు. మూడో మెట్టు విరిగే ఉంది. ఎక్కుతుంటే ఆవిడ గోడ పట్టుకుని ఒకచోట ఆగింది, మళ్ళీ ఎక్కింది. గది తలుపు తీసే ఉంది. లోపల కుట్టుమిషను చప్పుడు.

ఇప్పుడు ఆ గదిలో ఉంటున్నది బడిపిల్లల యూనిఫారాలు కుట్టే ఆవిడ. నడివయసు మనిషి, మెడలో కొలతల టేపు. గది రంగు మారింది. అమ్మాయి పరుపు ఉన్నచోట నీలం గుడ్డ తానులు పేర్చి ఉన్నాయి. కిటికీ పక్కన మిషను, మిషను పక్కన కుట్టి పడేసిన లాగుల గుట్ట, ఆ గుట్ట మీద మేనేజరు. కాస్త ఒళ్ళు చేసింది కూడా.

మేస్త్రి సంగతి చెప్పాడు. కుట్టుపనావిడ మిషను ఆపి, లేచి, ఇద్దరికీ స్టూళ్ళు వేసింది. "అయ్యో, ఆ అమ్మాయి అమ్మానాన్నలా! కిందివాళ్ళు చెప్పారమ్మా, బంగారంలాంటి పిల్లట. ఇది మీదని నాకేం తెలుసు? వచ్చి తన ఇల్లైనట్టు కూర్చుంది. ఉండనీలే అనుకున్నా. తీసుకుపోండమ్మా."

మేస్త్రి భార్య స్టూలు మీద కూర్చోలేదు. పిల్లికి ఎదురుగా నేలమీద కూర్చుని, "మేనేజరూ" అంది మెల్లగా. పిల్లి కళ్ళు తెరిచి చూసింది. గుర్తుపట్టింది, తోక కొస ఒకసారి కదిపింది. మళ్ళీ కళ్ళు మూసుకుంది.

"సాయంత్రం పూట తలుపు దగ్గర కూర్చుంటుందా?" అని అడిగింది ఆవిడ, పిల్లి మీదినుంచి చూపు తిప్పకుండా.

"తలుపు దగ్గరా? లేదమ్మా."

"డ్యూటీలు దిగే వేళకి. ఎవరికోసమో చూస్తున్నట్టు."

మేస్త్రి కుట్టుపనావిడ వైపు చూశాడు. అవునని చెప్పు తల్లీ అన్నట్టు చూశాడు. ఆవిడకి అతని చూపు ఎలా తెలుస్తుంది? మంచి మనిషి, ఉన్నదున్నట్టు చెప్పింది. "అబ్బే, తలుపు వంక చూడను కూడా చూడదు. తీసే ఉంటుందిగా, అయినా పోదు. ఇంత తిని ఈ కిటికీలో పడుకుంటుంది, ఎండ పోతే నా ఒళ్ళో పడుకుంటుంది. దానికేం దిగులమ్మా, రాణీలా ఉంది. పిల్లులింతేగా, మనుషుల్ని కాదు, చోటుని పట్టుకుని ఉంటాయి."

కింద సందులోంచి ఆసుపత్రి బండి ఒకటి వెళ్ళింది. మేస్త్రి భార్య చెయ్యి చాచి పిల్లి తల మీద పెట్టింది. పెట్టిన చెయ్యి అలాగే ఉంచి, "అయితే నువ్వు మా అమ్మాయి కోసం చూళ్ళేదుటే?" అంది. "ఇన్నాళ్ళూ ఈ కిటికీ కోసమా? నేనొక్కదాన్నేనా ఆ తలుపు దగ్గర కూర్చున్నది?"

అప్పుడు ఏడ్చింది. అమ్మాయిని తీసుకెళ్ళిన రోజు ఏడవలేదు, ఆ తరవాతా ఏడవలేదు. మొహం ఆ నీలం లాగుల గుట్టలో పెట్టి, భుజాలు ఎగిరెగిరి పడేలా ఏడ్చింది. పిల్లి లేచి, ఒళ్ళు విరుచుకుని, కిటికీ గట్టు మీదికి మారింది. కుట్టుపనావిడ కంగారుపడి, "నేనేమైనా తప్పుగా అన్నానా?" అంటూ మంచినీళ్ళు తెచ్చింది. మేస్త్రి సంచీ చేత్తో పట్టుకుని నిలబడిపోయాడు. పిల్లి నాలుగు అడుగుల దూరంలో ఉంది. మెడ పట్టి సంచీలో వేసుకోవడం ఎంతసేపు?

"పట్టుకోనా?" అన్నాడు.

"వద్దు" అంది ఆవిడ, మొహం ఎత్తకుండానే. "ఉండనీ. దాన్ని తీసుకెళ్ళి ఏం చేసుకుంటాం?"

నీళ్ళు తాగి, కుట్టుపనావిడకి దణ్ణం పెట్టి, మెట్లు దిగారు. బస్టాపులో రేకు బెంచీ ఎండకి కాలుతోంది. ఇద్దరూ కూర్చున్నారు. ఖాళీ సంచీ మధ్యలో ఉంది. ఆవిడ సంచీ మడత పెడుతూ, "రేపణ్ణించి నన్ను లేపకు" అంది. కోపంగా కాదు, పాలు వద్దని చెప్పినంత మామూలుగా.

ఇన్నాళ్ళూ దేనికి భయపడి తలుపు వెనక తలుపు బిగించాడో అది పక్కన కూర్చుని మాట్లాడుతోంది. దీనికి అడ్డం పెట్టడానికి అతని దగ్గర జాలీ లేదు.

"లేపుతా" అన్నాడు.

"ఎందుకు? ఎవరికి పెట్టాలని?"

కిటికీ చెక్కకి చెదలు పట్టిందని చెప్పే మనిషి, ఇలాంటి మాటకి జవాబు ఎక్కణ్ణించి తెస్తాడు? రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని, ముంజేతి మీద పిల్లి గీతల వంక చూస్తూ కూర్చున్నాడు. ఆఖరికి, "నాకు భయమేస్తోందే" అన్నాడు.

ఆవిడ తలతిప్పి చూసింది.

"పొద్దున్నే మెలకువ వస్తుంది. నువ్వు అటు తిరిగి ఉంటావు. ఇంట్లో చప్పుడుండదు. నాకు లేవబుద్ధి కాదు. నువ్వు లేచి గిన్నె చప్పుడు చేస్తే, ఆ చప్పుడు పట్టుకుని నేను లేచేవాణ్ణి. పిల్లి కోసమో, దేనికోసమో నాకనవసరం. నువ్వు లేవకపోతే నాకు చేతకాదు."

"నువ్వు పనికెళ్తూనే ఉన్నావుగా" అంది ఆవిడ, నమ్మలేనట్టు. "జాలీలు బిగించుకుంటూనే ఉన్నావుగా."

"మరింకేం చెయ్యను? నాకొచ్చింది అదొక్కటే."

అతని గడ్డం వణకడం మొదలైంది. ఆపుకుందామని చూశాడు, ఆగలేదు. నెరిసిన మీసాల మీదినుంచి నీళ్ళు కారుతుంటే తుడుచుకోవడం కూడా తెలియక, నడిరోడ్డు పక్కన, వచ్చేపోయేవాళ్ళు చూస్తుండగా పసిపిల్లాడిలా ఏడ్చాడు. ఆవిడ మధ్యలో ఉన్న సంచీ తీసి అవతల పెట్టి, దగ్గరికి జరిగి, అరచేత్తో అతని మొహం తుడిచింది.

"మన పిల్ల చచ్చిపోయిందయ్యా" అంది.

ఆ మాట అప్పటిదాకా ఇద్దరిలో ఎవరి నోటా రాలేదు. మేస్త్రి అప్పుడే మొదటిసారి విన్నవాడిలా ఆవిడ మొహంలోకి చూసి, తల ఊపాడు. బస్సు వచ్చి ఆగింది. కండక్టరు తల బయటికి పెట్టి వస్తారా అని అడిగాడు, ఇద్దరూ వినిపించుకోకపోతే వెళ్ళిపోయాడు. వాళ్ళు ఇంకాసేపు అక్కడే కూర్చుని ఏడ్చారు.